గోడకు వేసిన ఓటు

బొంబాయి వెళ్ళొచ్చానని తెలిసిన వాళ్ళందరూ ముందు సముద్రం గురించే అడుగుతారు. నేను సముద్రం చూడలేదు. అక్కడున్నన్ని రోజులూ కామాటిపురాలో ఒక గల్లీ, దాని వెనక నాగ్‌పాడా వైపు ఇంకో గల్లీ, ఆ రెంటినీ చుట్టిపోయే ఫాక్‌లాండ్ రోడ్డు, రాత్రి తల వాల్చడానికి దాదర్. అంతే నేను చూసిన బొంబాయి. ఆ గల్లీల్లోకి మనవాళ్ళు పెద్దగా వెళ్ళరు, వెళ్ళినా ఇంటికొచ్చి చెప్పరు. అందుకే రాస్తున్నాను.

ఎనభైల నడుమ ఒక ఎండాకాలం చివర ఆ ఊళ్ళో మతకల్లోలాలు జరిగాయి. కర్ఫ్యూ ఎత్తేశాక సహాయం చేయడానికి అనేక సంస్థలు వెళ్ళాయి. హైదరాబాదు పాతబస్తీలో చాలా ఏళ్ళు శాంతి కమిటీల్లో తిరిగినదాన్ని, తెలుగూ ఉర్దూ రెండూ మాట్లాడగలదాన్ని కనుక, ఒక సంస్థ వాళ్ళు నన్ను ఒక చిన్న బృందానికి నాయకురాలిని చేసి పంపారు. నాతో ఇద్దరు. యూసుఫ్ యాకుత్‌పురాలో బడిపంతులు, ముప్ఫై ఏళ్ళవాడు, ఎవరితోనైనా పది నిమిషాల్లో చుట్టరికం కలుపుకుంటాడు. ఫిలోమినా గుంటూరు వైపు నర్సు. బియ్యం, దుప్పట్లు, టార్పాలిన్లు పంచడానికి వేరే మనుషులున్నారు. గొడవపడ్డ రెండు గల్లీల వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టడం, వాళ్ళ ఓట్లతో ఒక కమిటీ ఏర్పడేలా చూడటం, తగువులు ఆ కమిటీయే తీర్చుకునేలా అలవాటు చేయడం మా పని. మా బృందానికి 'శాంతి స్థాపన, ప్రజాస్వామ్య సహకార బృందం' అని పెద్ద పేరు పెట్టారు. ఆ పేరు చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ళు నా చేతుల వైపు చూసేవారు, ఏమైనా తెచ్చానేమోనని.

సోలాపూర్

రైల్లో మా ఎదుట పాలమూరు జిల్లా కుటుంబం ఒకటి కూర్చుంది. భర్త, భార్య, ఆమె తమ్ముడు. మూటలో తాపీ, మట్టపుకర్ర పైకి కనబడుతున్నాయి. గొడవలు జరిగిన ఊరికి ఇప్పుడెందుకు పోతున్నారని అడిగాను. మేస్త్రీ కబురు పెట్టాడట, మనుషులు చాలడం లేదట.

"కాలినయి, కూలినయి ఎవలో ఒకలు కట్టాలె గదక్కా," అన్నాడతను. మాటలో వెటకారమేమీ లేదు. వానలు ఆలస్యమైతే ఎట్లా అని ఆలోచించే రైతులాగే ఆలోచిస్తున్నాడు.

సోలాపూర్‌లో బండి చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం మీద జొన్నరొట్టె, దాని మీద పల్లీల కారం అమ్ముతున్నారు. మన దగ్గర పల్లీ చట్నీ అంటే జారుగా ఉంటుంది. అక్కడిది వెల్లుల్లి వేసి దంచిన పొడి, పైన నూనె పోసిస్తారు. ఫిలోమినా ఒక ముద్ద తిని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాలమూరు ఆమె నవ్వి, తన చెంబు తీసి ఇచ్చింది. వాళ్ళు మాకంటే ముందే కల్యాణ్‌లో దిగిపోయారు. వాళ్ళను మళ్ళీ చూడలేదు.

దాదర్

దాదర్‌లో తెలుగువాళ్ళ సాంస్కృతిక భవనం ఉంది. నాటకాలాడే స్టేజీ వెనక మాకు పడక ఇచ్చారు. అక్కడి పెద్దమనిషి ఒకరు చాలా మర్యాద చేశారు. ఇడ్లీ, సాంబారు పెట్టించి, బొంబాయిలో తెలుగువాళ్ళ చరిత్ర చెప్పారు. వందేళ్ళ కిందటే తెలంగాణ నుంచి వచ్చిన కూలీలు ఈ ఊరి రోడ్లు, మేడలు కట్టారని, కామాటిపురాకు ఆ పేరు వాళ్ళ వల్లే వచ్చిందని అన్నారు. ఈ భవనం కట్టిన మేస్త్రీలు కూడా అక్కడివాళ్ళేనట.

మీరు ఎప్పుడైనా అక్కడికి వెళ్ళారా అని అడిగాను. ఆయన మా పళ్ళేల్లో సాంబారు ఇంకొంచెం వేయించి, ఇక్కడ ఉగాదికి పిలుస్తామనీ, వాళ్ళలో కొందరు వస్తారనీ చెప్పారు. చీకటి పడకముందే తిరిగి వచ్చేయమని మాకు జాగ్రత్త చెప్పి వెళ్ళిపోయారు.

గల్లీ

కామాటిపురా గల్లీలకు పేర్లు లేవు, నంబర్లున్నాయి. మొదటి రోజే నేను లెక్క తప్పాను. యూసుఫ్, ఫిలోమినా ముందు నడుస్తుంటే చెప్పు తెగి వెనకబడ్డాను. తలెత్తి చూస్తే తెలిసిన ముఖం లేదు. మెట్ల మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని తలలు దువ్వుకుంటున్నారు. పగటి వేళ, ఇంకా పని మొదలుకాని వేళ. వాళ్ళలో ఒకామె నా చీరకట్టు చూసి తెలుగులో పలకరించింది.

"అక్కా, నువ్వు గల్లీ తప్పినవ్. నడువు, నేను జూపిస్త."

ఎదురెండలో తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఆమె వెనక నడిచాను. నాది ఏ ఊరని అడిగింది. చెప్పాను. తనది మక్తల్ దగ్గర అంది. అక్కడ వానలు పడ్డాయా అని అడిగింది. ఇంకా లేదన్నాను. గల్లీ మొదట్లో ఆగిపోయి, అటు తాను రానంది. అటు చాళ్ళలో, అంటే పాత కూలీల మేడల్లో, ఉండే సంసారుల ముందు ఆమె నిలబడకూడదని తరువాత నాకు అర్థమైంది.

మేము వెతికే చాళ్ మూడంతస్తుల పాత కట్టడం. ప్రతి అంతస్తులో పొడుగాటి కర్ర వరండా, దాని వెంట వరసగా ఖోలీలు. ఒక్కో ఖోలీలో ఒక కుటుంబం, కొన్నిట్లో రెండు. రాత్రి మగవాళ్ళు వరండాలో, గల్లీలో పడుకుంటారు. తాతలు తాపీ పనికి వచ్చినవాళ్ళు. మనుమలు ప్యూన్లు, డ్రైవర్లు, రంగులు వేసేవాళ్ళు. మిల్లులు మూతపడ్డాక పని లేక తిరుగుతున్నవాళ్ళూ చాలామందే. పిల్లల్ని తెలుగులో పేరడిగితే మరాఠీలో జవాబు చెప్పి పారిపోతారు. ఫిలోమినా గుంటూరు తెలుగుకైతే పెద్దవాళ్ళు కూడా తికమకపడ్డారు. 'వరసలో రండమ్మా' అని ఆమె అంటే, ఒక ముసలామె వరస అంటే పెళ్ళి సంబంధం అనుకుని, తనకు పెళ్ళీడు మనుమడున్నాడని చెప్పింది. ఆ ఊళ్ళో మేము నవ్వింది అప్పుడొక్కసారే అనుకుంటాను.

పెంటయ్య అనే ఆయన మమ్మల్ని కూర్చోబెట్టాడు. పూర్వం కూలీల మీద ముకద్దంగా, అంటే పని చేయించే పెద్దగా, ఉన్నవాడు, డెబ్భై ఏళ్ళుంటాయి, చాళ్ అంతా ఆయన మాట వింటుంది. మా బృందం పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అంటే ఏం పని, మేడమ్?"

"కొట్లాట రాకుండా మాట్లాడించే పని పెంటయ్యన్నా," అన్నాను.

ఆయన తల ఊపి, ముందు తినమన్నాడు. బొంబాయిలో పావు అనే బన్ను రొట్టెలోకి పుంటికూర పచ్చడి పెట్టిచ్చారు. నేను ఎప్పుడూ తినని జోడీ అది, బాగుంది. పావు మాత్రం గట్టిగా ఉంది. పావులు చేసే బట్టీ చాళ్ వెనకే ఉందనీ, ఇదివరకు వేడివేడిగా సందులోంచి వచ్చేవనీ, ఇప్పుడు రోడ్డంతా చుట్టి రావాలనీ ఇంట్లోవాళ్ళు చెప్పారు.

సందు చివర

ఆ సందు చాళ్ వెనక భాగం నుంచి నాగ్‌పాడా గల్లీలోకి వెళ్ళేది. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. అటు ముస్లింల ఇళ్ళు, బట్టీ, పిండి గిర్నీ, దవాఖానా. ఇప్పుడు సందుకు అడ్డంగా గోడ. మనిషికి రెండింతల ఎత్తు, పైన గాజుపెంకులు. గొడవల్లో హడావిడిగా లేపిన గోడలు పాతబస్తీలో నేను చాలా చూశాను, తోస్తే కదులుతాయి. ఇది అట్లాంటిది కాదు. తూకం, మట్టం చూసి, సిమెంటుతో కట్టిన గోడ. కట్టడమే వృత్తి అయినవాళ్ళు కట్టారు మరి.

పెంటయ్య చెప్పినదాని ప్రకారం ఆ సందులోంచే గుంపు వచ్చింది. చివరి రెండు ఖోలీలకు నిప్పు పెట్టారు. ఒకదాంట్లో కాళ్ళు రాని ముసలాయన ఉన్నాడు. ఆయన్ను బయటికి తేలేకపోయారు. మసిబారిన ఆ ఖోలీలో ఇప్పుడు ఎవరో నీళ్ళ డ్రమ్ములు పెట్టుకున్నారు. తెల్లారి చాళ్ మగవాళ్ళంతా కలిసి, కట్టడం ఆగిపోయిన ఒక బిల్డింగ్ నుంచి ఇటుకలు మోసుకొచ్చి ఈ గోడ లేపారు. అందరిలో పనిమంతుడు సాయన్న. మట్టం చూసిందీ, చివరి వరస పేర్చిందీ అతనే.

అక్కడి నుంచి సాయన్న ఖోలీకి తీసుకెళ్ళారు. సాయన్న పనికి పోయాడు. అతని తల్లి మణెమ్మ గుమ్మంలో కూర్చుంది. లోపల ఒక ముస్లిం ముసలామె కాళ్ళు చాపుకుని, వాటి మీద నెల కూడా నిండని ఆడపిల్లను పడుకోబెట్టి నూనె రాస్తోంది. మన దగ్గర నువ్వులనూనె, అక్కడ కొబ్బరినూనె. మిగతాదంతా ఒకటే, ముక్కు సాగదీయడం, తల గుండ్రంగా ఒత్తడం, వేడినీళ్ళ కింద బిడ్డ కేకలు. ఆమె పేరు జులేఖా బీ. నాగ్‌పాడా గల్లీలో మంత్రసాని. ఈ చాళ్‌లో సగం మందికి ఆమే పురుడు పోసింది. ఉబ్బిన మోకాళ్ళతో రోజూ ఫాక్‌లాండ్ రోడ్డు చుట్టి వచ్చి ఈ పిల్లకు స్నానం చేయించి పోతుంది. పిల్ల తల్లి ఏది అని ఫిలోమినా అడిగింది. మణెమ్మ గోడ ఉన్న వైపు చెయ్యి చూపించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాగ్‌పాడా

ఆ సంగతి నాకు అటువైపు వెళ్ళాకే పూర్తిగా తెలిసింది.

బట్టీ యజమాని ఖాదర్ భాయ్ మమ్మల్ని పిండి బస్తాల మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. సగం గ్లాసు చాయ్. బొంబాయిలో అంతే పోస్తారు, మన ఇరానీ చాయ్ తాగినవాళ్ళకు గొంతు కూడా తడవదు. పెంటయ్య మాకు చెప్పనిది ఆయన చెప్పాడు. చాళ్‌లో నిప్పు పెట్టడానికి ముందు రోజు అదే సందులోంచి చాళ్‌వాళ్ళు కొందరు వచ్చారు. బట్టీ దగ్గర పనిచేసే మనిషిని బయటికి లాగి కొట్టారు. దవాఖానా చేరకముందే అతని ప్రాణం పోయింది. అతనికి ఇక్కడ ఎవరూ లేరు, ఉత్తరాదిలో ఎక్కడో తల్లి ఉంది. చెబుతున్నంతసేపూ ఆయన గ్లాసు వైపే చూశాడు.

జులేఖా బీ ఇల్లు ఆ పక్కనే. తన బొంబాయి హిందీలో నెమ్మదిగా చెప్పింది.

గోడ లేచాక కొన్నాళ్ళకు సాయన్న భార్య యాదమ్మకు నొప్పులు మొదలయ్యాయి. కర్ఫ్యూ ఉంది. సాయన్న రోడ్డు మీదికి రెండుసార్లు పరుగెత్తాడు, రెండుసార్లూ పోలీసులు లాఠీలతో వెనక్కి తరిమారు. కేకలు విని జులేఖా బీ గోడ దగ్గరికి వచ్చింది. గోడ తీయమని అరిచింది. అటు ఎవరో వద్దన్నారు. ఇటు కూడా కొందరు వచ్చి ఆమెను ఇంట్లోకి పొమ్మన్నారు. ఆమె పోలేదు. మణెమ్మ కోడలిని సందు చివరికి, గోడ మొదట్లోకి మోసుకొచ్చి పడుకోబెట్టింది. జులేఖా బీ ఇవతల నుంచి ఏం చేయాలో అరిచి చెప్పింది, మణెమ్మ అవతల చేసింది. జులేఖా బీకి తెలుగు రాదు. ఇన్నేళ్ళలో నేర్చుకున్నవి పురుటి మాటలే. ముక్కు, ఊపిరి, ఇంకొంచెం, అయిపోయింది. ఆ మాటలే మళ్ళీ మళ్ళీ అరిచింది. బిడ్డ ఏడుపు వినబడింది. ఆ తరువాత రక్తం ఆగడం లేదని మణెమ్మ అరిచింది. దానికి చేతులు కావాలి, మాటలు పనికిరావు అంది జులేఖా బీ. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటివైపు చూసింది.

ఫిలోమినా లేచి బయటికి వెళ్ళిపోయింది. నేను కూర్చున్నాను. నాయకురాలిని కదా.

ఎవరి ఓటు

కమిటీ ఏర్పడటం అనుకున్నంత కష్టం కాలేదు. గల్లీ మొదట్లో ఉన్న బడి వరండాలో రెండు వైపులవాళ్ళూ కూర్చున్నారు, మొదట వేరువేరు చాపల మీద. పెంటయ్యను ఇటువాళ్ళు, ఖాదర్ భాయ్‌ను అటువాళ్ళు ఎన్నుకున్నారు, వాళ్ళతో పాటు ఇద్దరిద్దరు. పుకార్లు వస్తే ముందు ఒకరినొకరు అడగాలని, పిల్లల తగువులు పోలీసుల దాకా పోనీయకూడదని ఒప్పుకున్నారు. అంతా సాఫీగా సాగుతోందని మేము సంబరపడుతుండగా గోడ మాట వచ్చింది. ఆ మాటతో చాపలు మళ్ళీ దూరం జరిగాయి. కమిటీ తేల్చలేకపోయింది. రెండు గల్లీల జనాన్నే అడుగుదామన్నాను. రెండు వైపులా ఒప్పుకుంటేనే గోడ తీయాలి. ఒక్కవైపు వద్దన్నా ఉంటుంది.

ఖోలీకి ఒక ఓటు చాలునన్నాడు పెంటయ్య. అంటే ఇంటి మగాడి ఓటు. ఈడొచ్చిన ప్రతివాళ్ళకూ ఉండాలన్నాను. ఆడవాళ్ళంతా యాదమ్మకు జరిగింది చూసినవాళ్ళు, వాళ్ళు తీసేయమంటారని నా నమ్మకం. కొత్తగా పనికొచ్చి వరండాల్లో పడుకునే పాలమూరు కూలీలకూ ఉండాలన్నాను. మెట్ల మీద కూర్చునే ఆడవాళ్ళకూ ఉండాలన్నప్పుడు పెంటయ్య లేచి వెళ్ళిపోయాడు. మరునాడు వచ్చి, సరే, వాళ్ళు మధ్యాహ్నం మగవాళ్ళు లేనప్పుడు రావాలన్నాడు. దానికి నేను ఒప్పుకున్నాను.

ఓటుకు ముందు ఇల్లిల్లూ తిరిగాం. దేనికి వేయాలో చెప్పకూడదు, ఎట్లా వేయాలో మాత్రమే చెప్పాలి. సాయన్న పక్క ఖోలీలో నర్సమ్మ ఉంటుంది. తన పిల్లాడితో పాటు యాదమ్మ బిడ్డకు కూడా ఆమే పాలిస్తోంది. ఇద్దరినీ రెండు తొడల మీద పెట్టుకుని మాట్లాడింది. నేనేమీ అడగకముందే చెప్పింది.

"గోడ లేసినంక నేను రాత్రి కన్ను మూస్తున్న అక్కా. అంతకుముందు సందుల ఎలుక ఉరికినా లేచి కూసునేదాన్ని. యాదమ్మ నాకు చెల్లె లెక్క. అయినా నేను గోడ ఉండాల్ననే అంట. నా పోరలున్నరు."

ఎట్లా వేయాలో మాత్రం చెప్పి లేచాను. అంతకుమించి చెప్పకూడదు.

సాయన్న

సాయన్నను కలుసుకోవడానికి మూడు సాయంత్రాలు ఎదురుచూడాల్సి వచ్చింది. పాతికేళ్ళు దాటి ఉంటాయి, సన్నటి మనిషి, గోళ్ళ చుట్టూ సున్నం తిన్న చర్మం. గొడవల్లో కాలిన దుకాణాలు మళ్ళీ కట్టే పనిలోనే ఉన్నాడు. ఎవరి దుకాణాలని యూసుఫ్ అడిగాడు. ఎవరివో అడగలేదన్నాడు.

మేము గోడ గురించి అడగలేదు. పిల్లకు పేరు పెట్టారా అని అడిగాను. లేదన్నాడు. జులేఖా బీ వచ్చి పోతున్నందుకు మీకు అభ్యంతరం లేదా అని యూసుఫ్ అడిగాడు. ఆమె ఆ రోజు గోడ దగ్గర నుంచి కదలలేదు, ఆమె వస్తే నాకేం అన్నాడు. అయితే తాను మాత్రం ఆ గల్లీలో అడుగు పెట్టనన్నాడు. కాలిపోయిన ముసలాయన అతనికి తాపీ పట్టడం నేర్పిన గురువట.

ఫిలోమినా ఉండబట్టలేక, ఆ గోడే లేకపోతే నీ భార్య బతికేది కదయ్యా, దాన్ని పడగొట్టాలని నీకు లేదా అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, అప్పటికే ఆలస్యమైంది. సాయన్నకు కోపం రాలేదు. మాటలు పేర్చుకుంటున్నట్టు కనబడ్డాడు.

"నేనప్పుడు గడ్డపార వట్టుకొని గోడ కాడ నిలవడ్డ. నేను కట్టిందే గద, యాడ కొడితే పడతదో నాకెర్క. పెంటయ్య తాత వద్దన్నడు. అందరు వద్దన్నరు. తెరిస్తే అందరం చస్తం అన్నరు. నేను వాళ్ళ మాట ఇన్న." నా ముఖంలోకి చూశాడు. "ఇప్పుడు తీస్తే, అప్పుడెందుకు తీయలె మేడమ్?"



కుండలు

చదువు రానివాళ్ళు చాలామంది కనుక కాగితాలు పెట్టలేదు. ప్రతి మనిషి చేతిలో ఒక చింతగింజ, ఒక ఇటుక ముక్క పెట్టాం. గోడ తీయాలంటే చింతగింజ, ఉండాలంటే ఇటుక ముక్క. దుప్పటి కట్టిన మూలకు వెళ్ళి కుండలో ఒకటి వేసి, రెండోదాన్ని పక్కనున్న బకెట్‌లో పడేసి రావాలి. రెండు వైపులకూ వేరువేరు కుండలు. పొద్దున్నుంచీ వచ్చారు. పెళ్ళికి వచ్చినట్టు మంచి బట్టలు కట్టుకొచ్చారు. తన జీవితంలో తనను ఎవరైనా ఒక మాట అడగడం ఇదే మొదలని ఒక ముసలామె ఫిలోమినాతో అంది. మధ్యాహ్నం మెట్ల మీది ఆడవాళ్ళు తలల మీద కొంగులు కప్పుకుని గుంపుగా వచ్చి, మాట్లాడకుండా వేసి పోయారు. నాకు దారి చూపించిన ఆమె వాళ్ళలో ఉంది. నా వైపు చూసి, చూడనట్టు వెళ్ళింది. అది నా గౌరవం కోసం చేసిందని అర్థమై మనసుకు కష్టమనిపించింది.

లెక్క పెట్టడానికి బడి గది లోపల నలుగురమే ఉన్నాం. నేను, యూసుఫ్, పెంటయ్య, ఖాదర్ భాయ్. ముందు చాళ్ కుండ బోర్లించాం. ఇటుక ముక్కలు చింతగింజల కంటే కొద్దిగా ఎక్కువ. రెండుసార్లు లెక్కపెట్టాం. తరువాత నాగ్‌పాడా కుండ. యూసుఫ్ ముఖం చూసి నాకు తెలిసిపోయింది. అందులో ఇటుక ముక్కలు ఇంకా ఎక్కువ. నాగ్‌పాడావాళ్ళంతా తీసేయమంటారని అతను నాకు మాటిచ్చాడు. అక్కడివాళ్ళు అతనికి ఆ మాటే ఇచ్చారు, చాయ్ తాగించి మరీ.

అప్పుడు పెంటయ్య కుండ అంచు పట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"మేడమ్, చూసింది మనం నలుగురమే. తీయాల్నని వచ్చిందని చెప్పున్రి."

నేను ఆయన వైపు చూశాను.

"ఆ పోరన్ని వద్దన్నది నేనే," అన్నాడు. "గడ్డపార గుంజుకున్నది నేనే. ఆ గోడ నా కండ్ల ముందటుంటే నాకు బువ్వ దిగుతలేదు. మీరు చెప్తే ఇంటరు."

ఖాదర్ భాయ్ కూడా తల ఊపాడు. అబద్ధమే, కానీ మంచికి చెప్పే అబద్ధం అన్నాడు. యూసుఫ్ కూడా అదే కోరుతున్నాడని నాకు తెలుసు. నాకూ కోరిక లేదని చెప్పను. బయట మూడు వందల మంది కూర్చున్నారు. ఒక్క మాట చాలు, సాయంత్రానికి సందు తెరుచుకుంటుంది. ఆ తరువాత ఏ ఒక్క రాత్రి ఏ ఒక్క గుంపు అందులోంచి వచ్చినా, నర్సమ్మ పిల్లల్ని ఎత్తుకుని ఎటు పరుగెత్తాలి? తాను వద్దన్న సందు తెరిచింది ఎవరని అడిగితే ఎవరు జవాబు చెప్పాలి? అన్నిటికంటే ముందు, పొద్దున ఆ ముసలామె మంచి చీర కట్టుకుని వచ్చింది.

"అడిగింది మనమే పెంటయ్యన్నా," అన్నాను. "వాళ్ళు చెప్పింది చెప్పాలి."

"మీరు పోతరు మేడమ్. మేం ఉంటం."

"అందుకే," అన్నాను.

వరండాలోకి వెళ్ళి రెండు కుండల లెక్కా తెలుగులో నేను, హిందీలో యూసుఫ్ చదివాం. గోడ ఉంటుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ గొడవ చేయలేదు. ఉండాలని వేసినవాళ్ళు కూడా తలలు వంచుకునే లేచిపోయారు. సాయన్న ఆఖరు వరసలో నిలబడి విని, పనికి వెళ్ళిపోయాడు. ఫిలోమినా దుప్పటి మడతపెడుతూ, ఇందుకా అమ్మా మనం ఇంత దూరం వచ్చింది అని నన్ను అడిగింది. రెండు కుండల్లోనూ ఒకే జవాబు రావడం ఒక ఏకాభిప్రాయమేనని యూసుఫ్ అన్నాడు, భోజనం దగ్గర. అని, అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

వాన

మరునాటి నుంచి వాన పట్టుకుంది. బొంబాయి వాన మన వాన లాంటిది కాదు. మొదలు, చివర తెలియదు. గల్లీలు మోకాలి లోతు నల్లటి నీళ్ళతో నిండాయి. టార్పాలిన్లు పంచే లారీ వచ్చింది. కమిటీవాళ్ళు రెండు వైపులా తగువు లేకుండా పంచారు. సంస్థవాళ్ళు దాన్ని మా విజయమని చెప్పుకున్నారు. కావచ్చు.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున అందరికీ చెప్పి వద్దామని వెళ్ళాం. మణెమ్మ చారు, బొంబిలి చేపల పులుసు, అన్నం పెట్టింది. ఎండు చేపలు తినని నేను కూడా ఒక్క మెతుకు మిగల్చలేదు. పిల్ల ఏది అని అడిగాను. జులేఖా బీ రెండు రోజులుగా రాలేదనీ, మోకాళ్ళు వాచి వానలో నడవలేకపోతోందనీ చెప్పింది. పిల్లను ఇప్పుడే సాయన్న తీసుకుపోయాడంది. ఎక్కడికో చెప్పలేదు. తనకు తెలియదో, పైకి అనడం ఇష్టం లేదో.

ఖాదర్ భాయ్‌కు చెప్పడానికి ఫాక్‌లాండ్ రోడ్డు చుట్టి నడిచాం. వాన తగ్గలేదు. నాగ్‌పాడా గల్లీలోకి తిరగగానే యూసుఫ్ నా భుజం తట్టాడు. జులేఖా బీ ఇంటి ముందు, అరుగు మీద, చూరు కింద సాయన్న కూర్చుని ఉన్నాడు. బట్టలు తడిసి ఒంటికి అంటుకున్నాయి. పిల్లను కప్పి తెచ్చిన టార్పాలిన్ ముక్క పక్కన మడిచి ఉంది. లోపల నుంచి బిడ్డ ఏడుపు, నీళ్ళు పోస్తున్న చప్పుడు వినబడుతున్నాయి. మమ్మల్ని చూసి లేవబోయాడు. వద్దని సైగ చేశాను.

యూసుఫ్ అతని పక్కన కూర్చున్నాడు. లోపలికి ఎందుకు వెళ్ళలేదని అడిగాడు. ఆమె రమ్మందనీ, తానే ఇక్కడ చాలునన్నాననీ సాయన్న చెప్పాడు. గోడ గురించి యూసుఫ్ ఏదో అడగబోయాడు. సాయన్న అతన్ని ఆపి, ఎవరినీ ఉద్దేశించకుండా అన్నాడు.

"గోడ మీద నా మాట మారలె. పిల్లకు నీళ్ళు వోయాలె గద."

బట్టీ ముందు నలుగురు మగవాళ్ళు నిలబడి అతన్నే చూస్తున్నారు. చాళ్ మనిషని వాళ్ళకు తెలుసు. వాళ్ళలో ఒకడు ముందుకు రెండడుగులు వేశాడు. ఖాదర్ భాయ్ లోపలి నుంచి చిన్నగా ఏదో అన్నాడు, అతను ఆగిపోయాడు. సాయన్న వాళ్ళ వైపు చూడలేదు. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, తల వంచుకుని, లోపలి ఏడుపు వింటూ కూర్చున్నాడు. రైలు వేళ అవుతోందని ఫిలోమినా గుర్తు చేసింది. ముగ్గురం అక్కడే వానలో నిలబడ్డాం. చాలాసేపటికి బిడ్డ ఏడుపు ఆగింది. అప్పుడు సాయన్న తల ఎత్తాడు.